శుక్రవారం హారన్

మా కారు హారన్ తనంతట తాను మోగిన మొదటిసారి వెనక సీట్లో ఒక పాస్టర్ గారున్నారు. శ్రావణ మాసం, శుక్రవారం. ములకలపల్లి నుంచి అడవి అంచున ఉన్న ఒక గూడేనికి ఆయన్ని ఉపవాస ప్రార్థనకు దింపి, మధ్యాహ్నం మళ్లీ తీసుకురావాలి. గూడెం ఇంకో కిలోమీటరు ఉందనగా, వాగు మీది కల్వర్టు దగ్గర ముందు చక్రం గుంతలో దిగింది, హారన్ మోగింది. నేను నొక్కలేదు. నా రెండు చేతులూ స్టీరింగ్ అంచునే ఉన్నాయి. సాక్షిగా పాస్టర్ గారున్నారు, ఆయన అబద్ధం చెప్పరు.

మోగిన హారన్ ఆగలేదు. స్టీరింగ్ నడిమధ్యనున్న గుండ్రటి బటన్‌ని అరచేత్తో కొట్టాను, గోటితో లేపబోయాను, కాస్త మర్యాదగా మాట్లాడి కూడా చూశాను. కిలోమీటరు పొడవునా అది అలాగే అరిచింది. మేకలు కంచెలు దూకాయి. పత్తి చేలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి నిలబడ్డారు. ఎవరో పెద్దమనిషి వచ్చాడనో, పోయాడనో అనుకుని ఊరు సగం రోడ్డు మీదికి వచ్చింది. పాస్టర్ గారు దిగి, చొక్కా సర్దుకుని, బైబిలు చంకన పెట్టుకుని అన్నారు: "చర్చికి గంట లేదని రెండేండ్లసంది ప్రార్థన చేస్తున్నం. దేవుడు గిట్ల ఇచ్చిండు."

ఆయన మంచివారు. నేను బానెట్ ఎత్తి హారన్ వైరు పీకేశాను. దాంతో దూరంగా వాగు చప్పుడు వినబడింది, ఆ తర్వాత పిట్టలు. అప్పుడు చూసుకుంటే చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. నేను బీఎస్సీ ఫిజిక్స్. తీగలో కరెంటు ఎప్పుడు పారుతుందో, ఎప్పుడు పారదో మూడు మార్కుల ప్రశ్నకు సరిపడా తెలుసు. చర్చి ముందు వేపచెట్టు కింద కూర్చుని ఆ మూడు మార్కుల జవాబూ మొదటి నుంచి చివరిదాకా గుర్తు చేసుకున్నాను. చెమట ఆరలేదు.

ఆరకపోవడానికి కారణం ఉంది. ఆ కారు మా అన్నది. అన్న పోయి అప్పటికి తొమ్మిది నెలలు. పోయింది ఆ కారులోనే, వెనక సీట్లోనే, పాస్టర్ గారు కూర్చున్న వైపే. అదీ శుక్రవారమే. ఆ రోజు కారు నడిపింది నేను.

అన్న ఆ తెల్ల కారును పాతదే కొని కిరాయికి తిప్పేవాడు. భద్రాచలం దర్శనాలకు, పెళ్లిచూపులకు, దవాఖానాలకు. ఇంజను ఎలా ఉందో అలాగే ఉంచాడు, సీట్లు ఎలా చిరిగాయో అలాగే ఉంచాడు, హారన్ ఒక్కటి మాత్రం మార్చాడు. ఖమ్మంలో పాత సామాన్ల దుకాణంలో ఏ బండిదో తెలియని రెండు గొంతుల హారన్ దొరికింది ఆయనకు. దాని కూత పిల్లనగ్రోవికీ ఈనబోయే బర్రెకూ మధ్యలో ఎక్కడో ఉండేది. జిల్లాలో అట్లాంటిది ఇంకోటి లేదని ఆయన గర్వం. ఉంటే బాగుండునని ఎవరూ అనుకోలేదు కూడా.

ఊరి మలుపు దగ్గర ఒక పొట్టి కూత, ఒక పొడుగు కూత కొట్టేవాడు. అది వినగానే వదిన ఇత్తడి చెంబులో నీళ్లు ముంచుకుని గడపలోకి వచ్చేది. ఆమె పరుగెత్తగా నేనెప్పుడూ చూడలేదు. కారు ఆగే వేళకు మాత్రం నీళ్లు అక్కడ ఉండేవి. పెళ్లయి ఎనిమిదేళ్లు, పిల్లల్లేరు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం కూడా తక్కువే. ఆ కూత, ఆ చెంబు, అంతే. చాలామంది మొగుడూ పెళ్లాలు అంతకన్నా ఎక్కువ మాట్లాడుకుంటారు గానీ అంతకన్నా ఎక్కువ చెప్పుకుంటారని నేననుకోను.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం వచ్చేదాకా అని నేను కూడా అప్పుడప్పుడు స్టీరింగ్ పట్టేవాణ్ని. ఉద్యోగం దారిలో ఉండేది. చాలా పొడుగు దారి.

ఆ కార్తీకంలో మా ఇంట్లో అమ్మకూ అన్నకూ ఒకేసారి చలిజ్వరం పట్టుకుంది. అడవి పక్క ఊళ్లలో అది చుట్టం లాంటిది. ఏటా వస్తుంది, కొన్నాళ్లుండి పోతుంది. అమ్మది అట్లాగే పోయింది. అన్నది నాలుగో రోజున తలకెక్కింది. పాల్వంచలో డాక్టరు చూసి, ఇక్కడ కాదు, ఖమ్మం పెద్ద దవాఖానాకు జల్దీ తీసుకుపొమ్మన్నాడు. అమ్మ ఇంకా లేచి కూర్చునే స్థితిలో లేదు. వదిన నేలకొండపల్లిలో పుట్టింట్లో ఉంది. సెల్‌ఫోన్లు మా వైపు ఇంకా రాని రోజులు. బూత్ నుంచి వాళ్ల పక్కింటికి ఫోన్ చేసి, ఇటు రావద్దు, నేరుగా ఖమ్మం దవాఖానా గేటు దగ్గరికి రమ్మను అని చెప్పాను. కారులో అన్న, నేను, ఇంకెవరూ లేరు.

మా వైపు రోడ్ల మీద హారన్ కొట్టని బండి లేనట్టే లెక్క. మనుషులు, బర్రెలు, ఆర్టీసీ బస్సులు, అందరిదీ అదే అభిప్రాయం. పాల్వంచలో బయల్దేరినప్పటి నుంచి బటన్ మీది బొటనవేలు తీయకుండా కొట్టాను. దారి బాగానే ఇచ్చారు. వైరా దాటాక వెనక సీట్లోంచి అన్న అన్నాడు:

"హారన్ కొట్టకురా. తల పలుగుతుంది."

అన్న నాకు పనులు చెప్పేవాడు, తిట్టేవాడు, నా డిగ్రీని నలుగురిలో మెచ్చుకుని ఇంట్లో వెక్కిరించేవాడు. బతిమాలడం మాత్రం అదే మొదటిసారి. సరే అన్నా అన్నాను. వేలు తీశాను.

ఖమ్మం చేరేసరికి మార్కెట్ యార్డు రోడ్డంతా పత్తి ట్రాక్టర్లు. పత్తి సీజన్ అప్పుడే మొదలైంది. ఒకదాని వెనక ఒకటి, ఇళ్లంత ఎత్తున పత్తి నింపుకుని నిలబడి ఉన్నాయి. నా ముందు ట్రాక్టరు నడిపేవాడు దిగి టీ తాగుతున్నాడు. నేను హారన్ కొట్టలేదు. దిగి, ఒక్కొక్కరి దగ్గరికి నడిచి వెళ్లి, అన్నా జర పక్కకు తియ్యండి, లోపల మనిషికి బాగలేదు అని అడిగాను. చదువుకున్నవాణ్ని కదా, మర్యాదగానే అడిగాను. కొందరు కారు వైపు చూశారు. తెల్ల కారు, చప్పుడు లేకుండా, మంచిగా నిలబడి ఉంది. టీ గ్లాసు పట్టుకున్న ఆయన పక్కవాడితో అన్న మాట నాకిప్పటికీ వినబడుతుంది: "తొందరుంటే హారన్ కొడ్తడు గద."

ఇరవై నిమిషాలు. తిరిగి వచ్చి డోరు తీసేసరికి, దారి పొడవునా నా వీపు వెనక వినబడిన బరువైన ఊపిరి లేదు. ఆ తర్వాత కాసేపటికే ట్రాక్టర్లు కదిలాయి. దవాఖానా దాకా నేను హారన్ కొట్టలేదు. అప్పటికి కొట్టనూ అక్కర్లేదు.

వదిన గేటు దగ్గర నిలబడి ఉంది. గంటసేపటి నుంచి ఆ రోడ్డు మీద వచ్చే ప్రతి హారనూ వింటూ, మాది కాదు, మాది కాదు అనుకుంటూ నిలబడిందట. కారు చప్పుడు చేయకుండా వచ్చి ఆగింది చూడు, అప్పుడే నాకు తెలిసిపోయిందత్తా అని తర్వాత ఆమె అమ్మతో చెబుతుండగా విన్నాను.

పదకొండో రోజు ఆడవాళ్లు ఆమె గాజులు, బొట్టు తీసేశారు. సాయంత్రం అందరూ పోయాక ఆమె నా దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది: ఎక్కడ పోయిండు, పోయేముందు ఏమన్నా అన్నడా. వైరా దాటంగనే నిద్రలోనే పోయిండు వదినా, ఏమనలే అని చెప్పాను. అన్న పడుకున్న వెనక సీటునే ఇరవై కిలోమీటర్లు వెనక్కి జరిపి పెట్టినట్టయింది. వైరా దగ్గర పోయిన మనిషికి ఖమ్మంలో ఎవరేం చేయగలరు? ఆమె తలూపింది. అబద్ధమాడితే గొంతు వణుకుతుందంటారు. నాది వణకలేదు.

ఆ తర్వాత కారు నేనే నడిపాను. ఇంట్లో ఇంకో ఆధారం లేదు. హారన్ మాత్రం కొట్టలేకపోయేవాణ్ని. వేలు బటన్ దాకా పోయేది, అక్కడ ఆగేది. మలుపుల్లో నెమ్మదిగా పోయేవాణ్ని, బర్రెలు అడ్డమొస్తే అవి లేచేదాకా ఆగేవాణ్ని. నెమ్మదస్తుడని పేరొచ్చింది. గుండె జబ్బులవాళ్లు, బాలింతలు నన్నే అడిగేవారు. అట్లా తొమ్మిది నెలలు ఆ బటన్ మీద వేలు పెట్టలేదు, నిజానికి దాని వైపు కన్నెత్తి చూడలేదు. ఆ బటనే పాస్టర్ గారి శుక్రవారం నాడు తనంతట తాను మోగింది.

మర్నాడు వైరు మళ్లీ కలిపి, బటన్ అంచున ఒక అగ్గిపుల్ల దూర్చాను, కిందికి దిగకుండా. వారమంతా బాగానే నిలిచింది. తర్వాతి శుక్రవారం భద్రాచలం పోతుంటే ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన, వట్టిగ పోతుందిగదా అని, ఆ పుల్ల పీకి చెవిలో తిప్పుకున్నాడు. గోదావరి బ్రిడ్జి ఈ చివర మొదలైన హారన్ ఆ చివరిదాకా ఆగలేదు. వెనక సీట్లో ఆడవాళ్లు చేతులు జోడించి రాముణ్ని తలుచుకున్నారు. ఆ పెద్దాయన ఒక్కడే నిబ్బరంగా రెండో చెవికి మారాడు.

స్టాండులో సంగతి తెలిసిపోయింది. తోటి డ్రైవరొకాయన, నాకు వరసకు మామ, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "మీ అన్న ఇంకా డ్యూటీ దిగనట్టున్నదిరా అల్లుడా" అన్నాడు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. మామూలుగా అట్లాంటి మాట నేనే ముందు అనేవాణ్ని. ఈసారి నాకు తట్టలేదంటే ఎంత భయపడ్డానో చూడండి.

భయం దయ్యమని కాదు. దయ్యమైతే అన్నే కదా, ఎట్లాగో మాట్లాడుకోవచ్చు. ఆ రోజు నేను కొట్టని హారన్ ఇప్పుడు మోగుతోంది అనిపించేది. పత్తి ట్రాక్టర్ల వెనక ఇరవై నిమిషాలపాటు మోగాల్సింది. అంతసేపూ మోగేదాకా ఊరుకోదేమో.

మూడో శుక్రవారం కారు ఇంటి ముందే ఉంది. తెల్లవారి ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు, సన్నగా వాన పడుతోంది. నేను మంచం మీద ఉన్నాను. హారన్ మోగింది. ఒక పొట్టి కూత. ఆగింది. తర్వాత పొడుగ్గా.

ఆ వరసలో అట్లా కొట్టేవాడు ఒక్కడే. నేను లేచి బయటికి వచ్చే లోపలే అమ్మ గడపలో కూలబడి, "పెద్దోడా" అంది. పిలిచినట్టు కాదు, అన్నం తిన్నావా అని అడిగేముందు అన్నట్టు. కారులో ఎవరూ లేరు. కారు పక్కన, డ్రైవరు డోరు దగ్గర, వదిన నిలబడి ఉంది. ఎడమ చేతిలో ఇత్తడి చెంబు, దాన్నిండా నీళ్లు. కుడి చేయి కొంగులో చుట్టుకుని ఉంది. వానకు చలి వేసిందనుకున్నాను. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. నేను వైరు పీకి హారన్ ఆపేదాకా ఆమె కదల్లేదు. తర్వాత చెంబుతో సహా లోపలికి వెళ్లిపోయింది.

కూత వినగానే నీళ్లు తీసుకుని అన్నకు ఎదురొచ్చిందనుకున్నాను. ఆ ఆలోచన మోయలేకపోయాను. అమ్మ కల్వర్టు దగ్గర ముత్యాలమ్మకు కోడిని కోద్దామంది. నేను ముందు మెకానిక్‌కు చూపిద్దామన్నాను. అతనికి కోడి అక్కర్లేదు, టీ చాలు.

పాల్వంచలో ఆ మెకానిక్‌ని అందరూ చాచా అంటారు. అరవై దాటినాయన. కళ్లద్దాలకు ఒక వైపు కాడ పోయి దారం ఉండేది. ఎలక్ట్రికల్ పని ఏదైనా అన్న ఆయన దగ్గరికే పోయేవాడు. నన్ను డిగ్రీ అని పిలిచేవాడు, పేరుతో పిలిచిన గుర్తు లేదు. ఆయన స్టూలు మీద కూర్చుని టీ తాగుతుంటే మూడు శుక్రవారాల సంగతీ చెప్పాను. చివరిదాకా విని, "శుక్రవారం మాకు జుమ్మా. దయ్యాలకు కూడ ఛుట్టీ ఉంటది డిగ్రీ" అన్నాడు. గ్లాసు కింద పెట్టి లేచాడు.

ముందు బ్యాటరీ టెర్మినల్ ఊడదీశాడు. తర్వాత సన్నటి స్క్రూడ్రైవర్ కొసకు గుడ్డ చుట్టి, స్టీరింగ్‌కు గీతలు పడకుండా, బటన్ అంచు కింద పెట్టి చుట్టూ కొద్దికొద్దిగా లేపాడు. మామూలుగా టక్కున ఊడొచ్చేదట. రాలేదు. బటన్‌ని బొటనవేలితో ఒకసారి నొక్కి చూశాడు. లోపలికి పోయింది, పైకి రాలేదు. నువ్వు దీన్ని నొక్కుతవా లేదా అని అడిగాడు. తక్కువే అన్నాను. వాడని బటన్ పట్టేస్తది అన్నాడు, నా వైపు చూడకుండానే.

అంచు చుట్టూ రెండు చుక్కలు పెట్రోలు వేసి, కాసేపాగి మళ్లీ లేపాడు. ఈసారి వచ్చింది. కింద చిన్న స్ప్రింగు, దాని కింద రాగి రేకు, ఆ రేకు తగలాల్సిన ఇత్తడి రింగు ఉండాలి. ఏవీ కనబడలేదు. గిన్నె లాంటి ఆ గుంతంతా ఎర్రటి మట్టితో నిండి ఉంది. మట్టి అనుకున్నాను. చాచా చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు.

"పసుపు," అన్నాడు. ఇంకోసారి చూసి, "కుంకుమ."

దసరాకు బండ్లకు పూజ చేసేటప్పుడు మా వైపు ఆడవాళ్లు బానెట్‌కీ చక్రాలకీ బొట్లు పెట్టి ఊరుకోరు. స్టీరింగ్ మధ్యన హారన్ బటన్‌కు కూడా ఒకటి పెడతారు. నొసలు లాగా గుండ్రంగా ఉంటుంది కదా, వేలు దానంతటదే అటు పోతుంది. ఆ తడి పసుపు అంచు సందులోంచి లోపలికి దిగుతుంది. దసరా మర్నాడు ఆయన దుకాణం ముందు ఇదే పనట. మా అన్న ప్రతి ఏడూ వదినకు చెప్పకుండా వచ్చి తుడిపించుకుని పోయేవాడట. చెప్తే బాధపడతదని.

"గని ఇది ఒక్క పండగది కాదు డిగ్రీ," అన్నాడు చాచా. స్క్రూడ్రైవర్ కొసతో ఆ ఎర్ర ముద్దను గీకుతుంటే అది పొరలు పొరలుగా ఊడుతోంది. పసుపు పొర, ఎరుపు పొర, మళ్లీ పసుపు. ఎండలకు గట్టిపడింది, ఈ వానలకు మెత్తబడి బటన్‌ని పట్టుకుంది. కుదుపు తగిలితే రేకు రింగుకు తగులుతుంది, తగిలితే అక్కడే అతుక్కుంటుంది. "ఎవరో వారం వారం పెడ్తున్నరు. శానా రోజులసంది."

మా ఇంట్లో కార్తీకం నుంచి పండుగ లేదు, పూజ లేదు. ఏడాది తిరిగేదాకా ఉండదు. అమ్మ బొట్టు పెట్టుకోవడం నాన్న పోయినప్పుడే ఆగిపోయింది. మా ఇంట్లో కుంకుమ భరిణె ఒక్కటే ఉంది. దాని యజమానురాలికి తొమ్మిది నెలలుగా దాంతో పని లేదు. లేదని మేమందరం అనుకున్నాం.

చెంబులో నీళ్లు ఎందుకున్నాయో, కుడి చేయి కొంగులో ఎందుకుందో అప్పుడు అర్థమైంది. ఫిజిక్స్‌లో కూడా నాకు అంతే, జవాబు చూశాకే ప్రశ్న అర్థమయ్యేది.

చాచా పాత పళ్ల బ్రష్షు పెట్రోల్లో ముంచి గుంతంతా కడిగాడు. ఇత్తడి రింగును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దాడు. స్ప్రింగును రెండు వేళ్లతో పట్టి కాస్త సాగదీశాడు. అన్నీ ఉన్నచోట పెట్టి బటన్ బిగించి, బ్యాటరీ కలిపి, నువ్వే కొట్టు అన్నాడు. నేను వెనకాడాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. బొటనవేలు పెట్టి నొక్కాను. మోగింది. తీశాను. ఆగింది. ఇంతే. తొమ్మిది నెలల నుంచి నేను చేయలేని పని ఇంతే.

గీకిన కుంకుమను ఆయన కింద పారేయలేదు. చిన్న కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. తర్వాత బామ్ డబ్బా మూత ఒకటి వెతికి, డ్యాష్‌బోర్డు మీద స్క్రూ వేసి బిగించాడు. "ఎవరు పెడ్తున్నరో నేను అడగ. గీడ పెట్టుమను. కరెంటున్న కాడ కాదు."

ఇంటికి వచ్చేసరికి అమ్మ లేదు, పక్కింటికి పోయింది. వదిన వసారాలో కూర్చుని అడ్డాకులు విస్తర్లు కుడుతోంది. పొట్లం ఆమె ముందు పెట్టాను. ఏదైనా తేలికపాటి మాటతో మొదలుపెడదామని దారంతా వెతికాను, ఒక్కటీ దొరకలేదు. ఆమె విప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"మీరందరు లేవకముందు పెడ్తుంటి," అంది. "పైన తుడిచేసేదాన్ని. ఆయన వేలు పెట్టేది అక్కడనే గద." తల ఎత్తకుండానే, "ఈ నెల నేను బొట్టు పెట్టిన రోజే అరుసుడు మొదలువెట్టింది. ఒద్దంటున్నడో, మంచిగ అనిపించి పిలుస్తున్నడో తెల్వలే మరిదీ. ఆపుదామంటే ఆపబుద్ధి కాలే."

ఆ మూడు వారాలూ ఆ ఇంట్లో భయపడింది నేనొక్కణ్నే కాదు. ఆమె ఒక వైపు, నేను ఒక వైపు, ఒకే హారన్‌కు వేరువేరుగా భయపడ్డాం. ఆమె దాచింది బయటపడింది. నాది ఇంకా లోపలే ఉంది. అప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పనని తెలుసు. పట్టేస్తుంది. చాచా చెప్పినట్టు, వాడనిదేదైనా పట్టేస్తుంది.

చెప్పాను. వైరా దగ్గర పోలేదని, ఖమ్మం దాకా ఉన్నాడని. తల పలుగుతుంది, హారన్ కొట్టకురా అన్నాడని. నేను కొట్టలేదని. మార్కెట్ రోడ్డు, పత్తి ట్రాక్టర్లు, టీ గ్లాసు ఆయన మాట, అన్నీ. నా మీద జాలి కలిగేటట్టు ఒక్క మాట కూడా చేర్చకూడదనుకున్నాను. ఎంతవరకు కుదిరిందో తెలియదు.

వదిన చేతిలో ఆకు అట్లాగే ఉంది.

"ఎంతసేపు?"

"ఇరవై నిమిషాలు."

"నేను గేటు కాడనే ఉన్న."

"అవ్."

"నడిసొస్తే పావుగంట."

నేను కింద పడ్డ పుల్లలు ఏరి ఆమె ముందు పెట్టాను.

"నన్ను అడిగిండా?"

లేదని చెప్పాను. అబద్ధం అక్కడ చాలా తేలిగ్గా వచ్చేది, నోటి చివరిదాకా వచ్చింది కూడా. ఆమె ఆకు మీద ఆకు పెట్టి పుల్లతో కుట్టింది. ఇంకో ఆకు తీసుకుంది. నాతో కాదు ఆకుతో అన్నట్టు, "తలనొప్పి ఓర్సుకుంటుండె గదా," అంది.

అంతకుమించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

హారన్ ఆ తర్వాత తనంతట తాను ఎప్పుడూ మోగలేదు. శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. పాస్టర్ గారు రెండు వారాలు చూసి, గంట ఏమైందని అడిగారు. బాగుచేయించానన్నాను. అయ్యో అన్నారు. అమ్మ మాత్రం తెల్లవారుజామున లేచి గడపలో కూర్చోవడం చాలాకాలం మానలేదు. నిజం చెప్పాలంటే కల్వర్టు దగ్గర గుంతలో చక్రం దిగినప్పుడల్లా నేను కూడా చెవులు పెట్టేవాణ్ని. మోగినప్పుడు అన్న ఉన్నాడన్న భయం. మోగనప్పుడు ఏ భయమూ లేదు, అన్నా లేడు. డ్యాష్‌బోర్డు మీది మూతలో ప్రతి శుక్రవారం కుంకుమ కనబడేది. దాన్ని వదిన ఇప్పుడు తుడిచేది కాదు. నాతో అవసరమైన మాటలు మాట్లాడేది, అన్నం పెట్టేది, నా కళ్లలోకి చూసేది కాదు.

సంవత్సరికం ఇంకో వారం ఉందనగా ఖమ్మం పోవాలంది. సామాన్లు పాల్వంచలోనే దొరుకుతాయి కదా వదినా అన్నాను. "సామాన్లకు కాదు. ఆ రోడ్డుకే తీస్కపో," అంది. ముందు సీట్లో కూర్చుంది. అన్న ఉండగా ఆమె ఎప్పుడూ వెనకే కూర్చునేది. ఆ రోజు వెనక సీటు మీద బట్టల సంచి పెట్టి, దాన్నొకసారి సర్ది, ముందుకొచ్చింది.

వైరా వచ్చింది, వైరా పోయింది. మళ్లీ పత్తి కాలమే. మార్కెట్ యార్డు రోడ్డు మీద మళ్లీ ట్రాక్టర్లే, ఒకదాని వెనక ఒకటి. ముందున్న ట్రాక్టరు నడిపేవాడు దిగి ఎవరితోనో ముచ్చట పెడుతున్నాడు. నేను కారు ఆపాను. చేతులు స్టీరింగ్ అంచున పెట్టుకుని కూర్చున్నాను. బటన్ వైపు చూశాను. వేలు పోలేదు.

ఇక్కడనేనా అని ఆమె అడగలేదు. నా చేతులు చూసి ఉంటుంది.

హారన్ మోగింది. పొట్టి కూత లేదు, ఒకటే పొడుగు కూత, ఆగకుండా. మళ్లీ పట్టేసిందనుకుని ఉలిక్కిపడ్డాను. కిందికి చూస్తే బటన్ మీద వదిన చేయి ఉంది. నా మీదుగా వంగి, రోడ్డు వైపే చూస్తూ, అరచేయి మొత్తం ఆనించి నొక్కుతోంది. ముందు ట్రాక్టరువాడు వెనక్కి తిరిగి, చెవుడు తెప్పిస్తవా ఏంది, మనుషులు కాదా మేము అని కేకలేశాడు. ఆమె తీయలేదు. టీ కొట్టు దగ్గరివాళ్లు లేచి నిలబడ్డారు. ఒకడు లోపల ఎవరికో బాగలేదంటూ ముందు ట్రాక్టర్ల వైపు పరుగెత్తాడు. ట్రాక్టరు పక్కకు జరిగింది, దాని ముందుది జరిగింది, ఆ ముందుది కూడా. ఎన్ని క్షణాలు పట్టిందో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టేటంత సమయం పట్టలేదు.

మనిషి పట్టేంత దారి, తర్వాత బండి పట్టేంత దారి ఏర్పడింది. నేను గేరు వేశాను. దవాఖానా గేటు కనబడేదాకా ఆమె చేయి అక్కడే ఉంచింది. అప్పుడు తీసింది.

బటన్ పైకి లేచింది. చాచా సాగదీసిన స్ప్రింగు బాగానే పనిచేస్తోంది.